బాధ ఒకచోట, కోత ఒకచోట

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో నలభై దాటిన ఆడవాళ్ల ఒంటి సంగతులు మొదట తెలిసేది దవాఖానకు కాదు, బీడీలు చేసే అరుగుకు. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, దారం చుడుతూ నలుగురు కూర్చున్నచోట, దగ్గర్లో మగవాళ్లెవరూ లేరని చూసుకుని ఒకామె గొంతు తగ్గిస్తుంది. "తెల్లబట్ట అయితాందక్కా. దురద ఆగుతలేదు. నెల కూడ సక్కగ వస్తలేదు." పక్కామె ఆశ్చర్యపోదు. ఆమెకూ అదే ఉంది. "వేడి చేసిందే. సబ్జా గింజలు నానేసుకొని తాగు" అంటుంది. ఇంకొకామె మెంతులు అంటుంది. మూడో ఆమె చేతిలో పని ఆపకుండానే, "నాకు గట్లనే అయితే సంచి తీసేసిండ్రు. ఇగ ఏ రంది లేదు" అంటుంది.

ఆ మూడో మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. సబ్జా గింజలతో వచ్చే నష్టమేమీ లేదు. గర్భసంచి సంగతి అట్లా కాదు.

దురదతో తెల్లబట్ట, నెల సక్కగా రాకపోవడం, ఈ రెండు బాధలూ ఇంచుమించు ఒకే వయసులో వస్తాయి. ఒకే ఊపిరిలో చెప్పుకుంటారు. అందుకే అవి రెండూ ఒకే జబ్బు అన్న నమ్మకం ఏర్పడింది. నిజానికి నెల తప్పడం అండాశయాల సంగతి. ముట్లు ఆగిపోవడానికి కొన్నేళ్ల ముందునుంచే అండం ప్రతి నెలా విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టిరాన్ తయారు కాదు. అప్పుడు గర్భసంచి లోపలి పొర అదుపు లేకుండా మందమై, ఎప్పుడో ఒకప్పుడు ఒక్కసారిగా రాలుతుంది. ఒక నెల పదిహేను రోజులకే రావడం, మరోసారి రెండు నెలలు రాకపోవడం, వచ్చినప్పుడు ఎక్కువగా పోవడం ఇందువల్లే. పన్నెండు నెలలు వరసగా రాకపోతేనే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్లకు జరుగుతుంది. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా పడుతుంది. అంటే నలభై రెండేళ్ల ఆమెకు నెల అటూ ఇటూ కావడం చాలాసార్లు వయసు చేసే పనే తప్ప జబ్బు కాదు. పిల్లల ఆపరేషన్ చేయించుకోని వాళ్లకు గర్భం నిలిచే అవకాశం కూడా ఆ ఏళ్లలో ఇంకా ఉంటుంది. ఈ మాట చెబితే చాలామంది నవ్వుతారు గానీ, నెల తప్పిందంటే మొదట చూడాల్సింది అదే.

దురదకు వేరే కారణముంది. క్యాండిడా అనే శిలీంధ్రం ఎక్కడినుంచో అంటుకునేది కాదు. ఏ బాధా లేని ఆడవాళ్లలో కూడా నూటికి పది, ఇరవై మంది యోనిలో అది ఉంటూనే ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచేవి లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాలు, పాలను పెరుగు చేసే వాటికి చుట్టాలు. జ్వరానికో పంటి నొప్పికో వాడిన యాంటీబయాటిక్ వీటిని చంపితే క్యాండిడా విజృంభిస్తుంది. రక్తంలో చక్కెర ఎక్కువైనా అంతే. ముట్లుడిగే ముందు ఈస్ట్రోజెన్ ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా ఊగిసలాడడం కూడా దానికి కలిసొస్తుంది. నూటికి డెబ్బై అయిదు మంది ఆడవాళ్లకు జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని వైద్యుల లెక్క. ఏడాదిలో మూడుసార్లు, అంతకు మించి వస్తే దాన్ని మళ్లీమళ్లీ వచ్చే ఇన్‌ఫెక్షన్ అంటారు. ప్రపంచంలో ఏటా సుమారు 13.8 కోట్ల మందికి అలా వస్తుందని 2018లో అంచనా వేశారు. బీడీల అరుగు మీద గొంతు తగ్గించిన ఆమెకు ఇంతమంది తోడున్నారు, కానీ ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఈ దురద గర్భసంచిలో ఉండే జబ్బు కాదు, యోనిలో ఉండేది. గర్భసంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది. కాబట్టి దురద కోసమని సంచి తీయించుకున్న ఆమెకు దురద మళ్లీ రావచ్చు, వస్తుంది కూడా. అప్పుడు ఆమె ఎవరితోనూ అనదు. అంత డబ్బు పోసి, అప్పు చేసి, కడుపు కోయించుకున్నాక ఇంకా తగ్గలేదని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

అరుగు మీదనుంచి ఆపరేషన్ బల్ల దాకా ఆమె ఒక్కసారిగా పోదు. మధ్యలో మందుల దుకాణం ఉంది. అక్కడ కౌంటర్ వెనక ఉన్నది మగపిల్లాడైతే అసలు బాధ చెప్పలేదు. "దురదకు ఏమన్న క్రీము ఇయ్యి" అంటుంది, ఎక్కడ దురదో చెప్పకుండా. అతను ఇచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన క్రీము. రాసిన రెండు రోజులకు హాయిగా ఉంటుంది. నెల తిరిగేసరికి చర్మం పలచబడి, శిలీంధ్రం ఇంకా పెరిగి, మంట తోడవుతుంది. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే కట్టడి చేసింది. ఆ కట్టడి ఎంతవరకు సాగుతున్నదో ఏ ఊరి బస్టాండు దగ్గరి దుకాణంలో అడిగినా తెలుస్తుంది.

ఇంకో చిక్కు, తెల్లబట్ట అన్నీ ఒకటి కావు. పెరుగు విరిగినట్టు తెల్లగా, వాసన లేకుండా, విపరీతమైన దురదతో వచ్చేది క్యాండిడా. పలచగా, బూడిద రంగులో, చేపల వాసనతో వచ్చేది బ్యాక్టీరియా వల్ల. దానికి మందు వేరు. పచ్చగా నురగతో వచ్చేది మరొకటి, దానికి భర్త కూడా మందు మింగాలి. నెలకు నాలుగు రోజులు, అండం విడుదలయ్యే వేళ, కోడిగుడ్డు సొనలాగా వచ్చేది అసలు జబ్బే కాదు. తమకు శిలీంధ్రమేనని తేల్చుకుని సొంతంగా మందు కొనుక్కున్న ఆడవాళ్లను అమెరికాలో పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో నిజంగా అది ఒక్కటే ఉన్నది మూడో వంతు మందికే. చదువుకున్న దేశంలో, పెట్టె మీద అన్నీ రాసున్న మందు కొన్న వాళ్ల సంగతే ఇది. తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కొద్దిగా స్రావం గాజుపలక మీద తీసి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపు కింద చూస్తే చాలు. అన్నీ కలిపి కొన్ని నిమిషాల పని.

దానికంటే ముందు చేయాల్సిన పని వేలి చివర ఒక రక్తపు చుక్క. మాటిమాటికి దురద వస్తున్నదని చెప్పుకున్న నలభై దాటిన ప్రతి ఆమెకూ షుగర్ పరీక్ష జరగాలి. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. వీళ్లలో చాలామందికి తమకు షుగర్ ఉన్నట్టే తెలియదు. కొందరు ఆడవాళ్ల విషయంలో దాన్ని మొదట బయటపెట్టేది ఈ దురదే. ఇప్పటికే షుగర్ మందు మింగుతున్న వాళ్లకు ఇంకొక ముచ్చట. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త మాత్రలు చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపిస్తాయి. గుండెకూ కిడ్నీలకూ మంచివే, పేటెంట్లు తీరి ధర కూడా దిగొచ్చింది. కానీ మూత్రంలో పోయే ఆ చక్కెర శిలీంధ్రానికి విందు. మాత్ర మొదలుపెట్టాక దురద మొదలైందా అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలా కేసులు అక్కడే తేలతాయి. అలాగని ఎవరూ సొంతంగా మాత్ర మానేయకూడదు. షుగర్ డాక్టరుకు ఆ మాట చెప్పాలి. చెప్పడానికి సిగ్గుపడతారన్నదే అసలు ఇబ్బంది. షుగర్ డాక్టరు చాలాసార్లు మగవాడే, తోడుగా వచ్చేది కొడుకే.

మందు ఉంది. ఒక్కసారి వచ్చిన దానికి ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాముల గోలీ ఒకటి, లేదా కొన్ని రాత్రులు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్లలు సరిపోతాయి. మళ్లీమళ్లీ వచ్చేదానికి వైద్యం పొడుగు. మొదట మూడు రోజులకొకటి చొప్పున మూడు గోలీలు, తర్వాత వారానికొకటి, ఆరు నెలలు. మన దగ్గర ఈ వైద్యం దెబ్బతినేది ఇక్కడే. రెండు వారాలకు దురద తగ్గుతుంది, గోలీ ఆగిపోతుంది, మూడు నెలలకు అది తిరిగి వస్తుంది, "మందులు పని చెయ్యలే" అన్న మాట పుడుతుంది. ఆ మాటే తర్వాత ఆపరేషన్‌కు దారి తీస్తుంది. ఫ్లుకొనజోల్‌కు ఇంకో గుణముంది. గ్లిమిపిరైడ్ లాంటి పాత షుగర్ మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. కాబట్టి దుకాణంలో కొనుక్కుని గుట్టుగా మింగే మందు కాదిది. ఆరు నెలలు వాడినా లొంగకపోతే కల్చర్ పరీక్ష చేయించాలి. క్యాండిడాలోనే గ్లాబ్రాటా అనే రకం మామూలు గోలీలకు లొంగదు, దానికి వేరే దారులున్నాయి.

యాభై అయిదేళ్ల ఆమె దురద మళ్లీ వేరు. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి, యోని గోడలు పలచబడి పొడిబారతాయి. షుగర్ అదుపులో ఉన్నవాళ్లలో ఆ వయసులో శిలీంధ్రం తక్కువ. అయినా ఆమెకు అదే క్రీము, అదే గోలీ. పనిచేయదు. రాత్రిపూట కొద్దిగా ఈస్ట్రోజెన్ క్రీము రాస్తే నెమ్మదించే బాధకు ఏళ్లతరబడి వేరే మందు వాడతారు. ఎక్కడైనా తెల్లమచ్చలు కనిపిస్తే, చర్మం ముడుచుకుపోతుంటే డాక్టరు కళ్లతో చూడాల్సిందే. చూడకుండా చీటీ రాసే పద్ధతి మన దవాఖానల్లో ఎంత పాతుకుపోయిందో రోగులకు తెలుసు, రాసేవాళ్లకూ తెలుసు.

ఇక సంచి సంగతి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏడెనిమిది మందికి తగ్గరని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూ వస్తున్నాయి. 2015–16 సర్వే ప్రకారం దేశంలో ఈ ఆపరేషన్ జరిగే మధ్యస్థ వయసు 34. మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఎల్లారెడ్డికి పక్కనే ఉన్న పాత మెదక్ జిల్లా పల్లెల్లో అవసరం లేకుండా తీసేసిన సంచుల గురించి హైదరాబాద్ వైద్యులు ఉమ్మడి రాష్ట్రంలోనే అధ్యయనం చేసి బయటపెట్టారు. చాలామంది ఆడవాళ్లు డాక్టరు దగ్గరికి పోయింది తెల్లబట్టకో, నడుము నొప్పికో, నెల ఎక్కువగా అవుతున్నదనో. వాళ్లకు చెప్పింది ఒకటే, తియ్యకపోతే క్యాన్సర్ అవుతుందని.

ఆ భయం అంత తేలిగ్గా ఎందుకు ఎక్కుతుంది? తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి అరవై మందికి పైగా పిల్లల ఆపరేషన్ అయినవాళ్లే, అదీ చాలామందికి ఇరవైల్లోనే. అప్పటిదాకా ఆశా కార్యకర్త నెలనెలా ఇంటికొచ్చింది, నర్సమ్మ పేరు పెట్టి పిలిచింది, బరువు తూచింది. ఆపరేషన్ అయిన మరుసటి రోజునుంచి ఆ రాకపోకలు ఆగిపోయాయి. గర్భసంచి అంటే ఇంట్లో వాళ్లకూ, డాక్టరుకూ, చివరికి ఆమెకూ కోత అయిపోయిన మడి. ఇక దానితో పనేముంది, ఉంటే రోగమే గదా అన్న ఆలోచన మన వైద్య వ్యవస్థే నేర్పింది. తీసేటప్పుడు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ల ఆమె ఒక్క పూటలో ముట్లుడిగిన ముసలామె అవుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం. బీడీలు చుట్టేవాళ్లకు నడుము, నాట్లేసేవాళ్లకు మోకాళ్లు మొదటే అరిగి ఉంటాయి. వాటి ఖర్చు ఎవరూ లెక్క కట్టరు.

తీయాల్సిన సంచులు లేవని కాదు. పెద్ద గడ్డలు, క్యాన్సర్, ఏ మందుకూ ఆగని రక్తస్రావం ఉన్నప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం పడినా, గడ్డలు గడ్డలుగా వారం దాటి పోతున్నా ఆలస్యం చేయకూడదు. నలభై అయిదు దాటిన ఆమెకు ఇలా అయితే సంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపాలి. హెచ్చుగా పోయే నెలసరికి థైరాయిడ్ చూడాలి, రక్తం చూడాలి. తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కానీ వీటన్నిటికీ ఆపరేషన్‌కు ముందు మెట్లున్నాయి. రక్తం పోకుండా ఆపే మాత్రలున్నాయి, హార్మోను మాత్రలున్నాయి, సంచిలో అమర్చితే అయిదారేళ్లు పనిచేసే హార్మోన్ లూప్ ఉంది. ఈ మెట్లన్నీ ఎక్కించి ఆఖర్న కత్తి పట్టే డాక్టరుకూ, స్కానింగ్ కాగితం చూడగానే తేదీ రాసిచ్చే డాక్టరుకూ తేడా ఉంది. పండగకో, పెళ్లికో, వ్రతానికో నెల వెనక్కి జరుపుకునే మాత్రలు కూడా ఇక్కడ గుర్తు చేయాలి. బతుకమ్మ నెలలో వాటి అమ్మకం చూస్తే తెలుస్తుంది. అవి మింగాక ఒకటి రెండు నెలలు లెక్క తప్పడం సహజం. ఆ సంగతి డాక్టరు అడగడు, ఆమె చెప్పదు. కాగితం మీద మాత్రం "క్రమం లేని రక్తస్రావం" అని పడుతుంది.

2023 మార్చి 8న రాష్ట్రంలో ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారం క్లినిక్‌లు మొదలయ్యాయి. నెలసరి చిక్కులు, ముట్లుడిగే వయసు బాధలు, మూత్రనాళ, కటి భాగపు ఇన్‌ఫెక్షన్లు, థైరాయిడ్, క్యాన్సర్ పరీక్షలు అన్నీ ఒకచోట చూడాలన్నది ఉద్దేశం. ఆలోచన మంచిది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. మంగళవారం మాత్రం మారకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో కామారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా కామారెడ్డి రావడానికి చార్జీల అడ్డు తొలగింది. మిగిలినవి రెండే. ఒకటి ఆ పూట బీడీల కూలి, రెండోది నోరు తెరవడం. మొదటిదానికి క్లినిక్ వేళలు బీడీలు అప్పజెప్పే వేళకు అడ్డం రాకుండా చూడొచ్చు. రెండోదానికి మైక్రోస్కోపు పక్కన ఒక తెర, తెర వెనక ఒక మహిళా డాక్టరు, పేరు గట్టిగా పిలవని సిబ్బంది చాలు. తెల్లబట్టకు పచ్చ రంగు మందుల కిట్లు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. కానీ అవి దొరికేది సుఖవ్యాధుల క్లినిక్ కింద కాబట్టి, ఆ గుమ్మం ముందు పొరుగింటి వాళ్లు చూస్తారేమోనని ఎంతమంది వెనక్కి తిరుగుతారో ఊహించవచ్చు. క్యాండిడా సుఖవ్యాధి కాదు. ఎవరి నడవడికకూ అది సాక్ష్యం కాదు. ఈ మాట గోడ మీద రాసి పెట్టినా కొన్ని ఇళ్లలో గొడవలు తగ్గుతాయి.

అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ సంఘం ఉండాలి. నలభై ఏళ్లలోపు ఆడవాళ్లకు చేసిన ప్రతి ఆపరేషన్‌నూ కారణంతో సహా నమోదు చేయాలి. కామారెడ్డి జిల్లాలో ఏ ఆసుపత్రిలో ఏ కారణం రాసి ఎన్ని సంచులు తీశారన్నది, పేర్లు లేకుండా, మూడు నెలలకోసారి తెలుగులో ప్రకటించి ఎల్లారెడ్డి, బాన్సువాడ, కామారెడ్డి దవాఖానల బోర్డు మీద అంటించాలి. కారణం గడిలో "తెల్లబట్ట" అని ఒక్కటి కనిపించినా ఆ డాక్టరును పిలిచి అడగాలి.